బలపరిచేవారు లేని ప్రతిపక్షం

లవెల్‌టన్ టౌన్ కౌన్సిల్లో పదకొండు మంది సభ్యులుంటే, వాళ్లలో ఎనిమిది మందికి కారు నడపడం నేర్పింది పర్ల్ అప్పలస్వామి. తొమ్మిదో మనిషి పర్ల్ అప్పలస్వామే. పదో మనిషి హోటల్ యజమాని ట్రావిస్. ఆయనకు చిన్నప్పుడే వాళ్ల నాన్న చెరుకు తోటలో ట్రాక్టరు మీద నేర్పేశాడు. పదకొండో మనిషి ఆమె సొంత మరిది హెరాల్డ్. ఆయన కూడా వదిన దగ్గరికే నేర్చుకోవడానికి వచ్చాడు కానీ, మొదటి మలుపులోనే తిన్న తిట్లకు కారు దిగి ఇంటికి నడిచి వెళ్లిపోయి, తర్వాత డర్బన్‌లో ఎవరి దగ్గరో నేర్చుకున్నాడు.

నేను కరీంనగర్ నుంచి నీళ్ల ఇంజినీరు ఉద్యోగం మీద ఆ ఊరికి చేరింది 1995 చివర్లో. పోర్ట్ షెప్‌స్టోన్‌కి అరగంట దూరం. ముందు సముద్రం, వెనక చెరుకు, ఆ వెనక గుట్టలు. పంపులు చూసుకోవాలంటే కారు తప్పదు. నాకు స్కూటరు తప్ప ఏమీ రాదు. ఆఫీసులో అందరూ ఒకే పేరు చెప్పారు.

యాభై మూడేళ్ల మనిషి. పొట్టిగా, నిండుగా ఉంటుంది. భర్త పోయి పదేళ్లు. తలుపు మీద ‘యేసు నా సారథి’ అని ఇంగ్లిష్‌లో రాసిన తెల్ల కారు. నేను ఎక్కి కూర్చోగానే పేరడిగింది. నాగభూషణం అన్నాను. ఆమె నా వైపు తిరిగి కాసేపు చూసింది.

“తెలుగోడివా? మా అవ్వది కూడా తెలుగే. ఇజీనారం పక్క. అంత పొడుగు పేరు నాకి రాదు. తమ్ముడు అంటాను, సరేనా? ఎల్లు. తిన్నగా ఎల్లు.”

ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల తెలుగు వినబడిన సంతోషంలో నేను గబగబా నాలుగు వాక్యాలు మాట్లాడాను. ఆమె ముఖం చిట్లించింది.

“నీ తెలుగు ఏటి అలా ఉంది? మీ అవ్వ సరిగ్గా నేర్పలేదా?”

ఆమెకు వచ్చిన తెలుగు మాటలు మహా అయితే రెండు వందలు. సగం తిండివి, సగం తిట్లవి. వాళ్ల అమ్మ కాలంలోనే కుటుంబం పెంతెకొస్తు చర్చిలో చేరింది కాబట్టి ప్రార్థన ఇంగ్లిష్‌లో చేసేది. కోపం మాత్రం అవ్వ భాషలోనే వచ్చేది. దాంతో ఇరవై రెండేళ్లుగా ఆ ఊళ్లో జులూవాళ్లు, తెల్లవాళ్లు, తమిళులు అందరూ “ఆపు”, “మెల్లగా”, “తిన్నగా”, “కళ్లెక్కడ ఎట్టినావు” అన్న మాటలు నేర్చుకునే లైసెన్సులు తెచ్చుకున్నారు. ఒకసారి బజార్లో ఒక పోలీసు సార్జెంటు ఎదురొచ్చిన లారీని చూసి “ఆపు, గాడిదా!” అని అరవడం నేను చెవులారా విన్నాను. ఆ తెల్లాయన పేరు ఫాన్ డెర్ మెర్వె.

దేశమంతా రంగు తేడా లేకుండా మొదటిసారి 1994లో ఓటేసింది. ఊళ్ల కౌన్సిళ్లకు మాత్రం మా క్వాజులు-నటాల్ రాష్ట్రంలో 1996 జూన్ దాకా ఎన్నికలు రాలేదు. గుట్టల మీద రెండు పెద్ద పార్టీల మధ్య రగిలిన కొట్లాటలు చల్లారాలని వాయిదా వేస్తూ వచ్చారు. అప్పటిదాకా ఉన్న కౌన్సిల్ తెల్లవాళ్లది. ఎంతాబేని గుట్ట మీది రెండు వేల ఇళ్లు వాళ్ల మ్యాపులోనే లేవు.

పర్ల్ అక్కకు ఆ గుట్ట బాగా తెలుసు. ఎత్తులో కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం నేర్పాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. రోజూ అక్కడ తలల మీద నీళ్ల డబ్బాలతో ఆడవాళ్లు ఎక్కుతుంటే, వాళ్ల కోసం బ్రేకు వెయ్యమని శిష్యులకు చెప్పీ చెప్పీ ఆమె గొంతు పోయేది. ఎన్నికల ముందు టౌన్ హాల్లో సభ జరిగితే లేచి ఒక్కటే అడిగింది: “గుట్ట మీదికి నీళ్లు ఎప్పుడు?” వేదిక మీది ఆరుగురు అభ్యర్థులూ స్వాతంత్ర్యం గురించి చెప్పారు, శాంతి గురించి చెప్పారు, టూరిస్టుల గురించి చెప్పారు. తారీఖు మాత్రం ఎవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి తన పేరు తానే నామినేషన్ వేసుకుంది. చర్చిలో ప్రచారం చెయ్యలేదు. ప్రతి పాఠం చివర, తాళంచెవి చేతిలో పట్టుకుని, “నాకు ఓటు వేస్తావా, లేదా?” అని అడిగేది. తాళంచెవి ఇచ్చేదాకా ఎవరూ దిగలేరు కదా. గెలిచింది.

ఆమెలాగే ఏ పార్టీ లేకుండా గెలిచిన మనిషి ఇంకొకామె ఉంది. ఎవెలిన్ షోజీ. ఎంతాబేనిలో ఉంటుంది. ట్యాక్సీల అడ్డా దగ్గర కూరగాయలు అమ్ముతుంది. రెండు పెద్ద పార్టీలూ వచ్చి తమలో చేరమంటే, తనకు మోకాళ్ల నొప్పులని ఇద్దరికీ చెప్పి పంపించింది. పర్ల్ అక్క దగ్గర కారు నేర్చుకుంటూ నాలుగుసార్లు పరీక్ష తప్పింది.

ఫలితాలు ఇలా వచ్చాయి: ఒక పెద్ద పార్టీకి నాలుగు, దాని పాత శత్రువుకు మూడు, హెరాల్డూ ట్రావిసూ ఉన్న మూడో పార్టీకి రెండు, ఈ ఇద్దరు ఆడవాళ్లు. ఎవరికీ మెజారిటీ లేదు. అప్పుడు అందరూ కలిసి మాట్లాడుకోవడానికి చోటు కావాల్సి వచ్చింది. టౌన్ హాల్‌కి రమ్మంటే ఎవరు ముందు రావాలన్నది గొడవ. ఒకరి ఆఫీసుకు ఇంకొకరు వెళ్లరు. చివరికి హెరాల్డ్ ఫర్నిచర్ షాపులో కూర్చున్నారు. ఆ షాపంటే ఎవరికీ భయం లేదు. రెండు పార్టీలవాళ్లకూ సోఫాలు అమ్మినవాడు ఆయనే.

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను కూడా పిలిచారు, ఊరి నీళ్ల లెక్క చెప్పమని. ప్లాస్టిక్ కవరు తియ్యని కొత్త సోఫాల మీద కౌన్సిలర్లు వరసగా కూర్చున్నారు. ఎవరు కదిలినా కిర్రుమంటోంది. హెరాల్డ్ అందరికీ సమోసాలు పంచుతూ, నూనె చేతులు గుడ్డకు తగలకుండా ఒక్కొక్కరి వెనకా తిరుగుతున్నాడు. రెండు గంటల్లో అంతా తేలిపోయింది. రిటైర్డ్ హెడ్‌మాస్టరు లుషాబా గారు మేయర్. హెరాల్డ్ డిప్యూటీ. శత్రుపార్టీకి రోడ్లు, మార్కెట్టు. ట్రావిస్‌కి బీచి. ఎవెలిన్‌కి శ్మశానాలు. ప్రతివాళ్లూ ఒక కమిటీకి అధ్యక్షులు. పర్ల్ అక్క కోసం పార్కులు, గ్రంథాలయం అట్టే పెట్టారు.

“అందరూ లోపలే ఉంటే ప్రశ్నలు అడిగేదెవరు?” అందామె.

(ఊళ్లో మాటలన్నీ ఇంగ్లిష్‌లోనో జులూలోనో జరిగినవి. నేను తెలుగులో రాస్తున్నాను. పర్ల్ అక్క తెలుగు మాత్రం ఆమె అన్నది అన్నట్టే.)

హెరాల్డ్ సమోసా పళ్లెం కింద పెట్టాడు. “వదినా, మన బతుకంతా బయటే నిలబడ్డాం. బీచి బయట, బెంచీ బయట, ఓటు బయట. ఇప్పుడు తలుపు తీసి రమ్మంటే నువ్వు గడప దగ్గర నిలబడి ప్రశ్నలడుగుతావా?”

“గుట్ట మీదికి నీళ్లు ఎప్పుడు?”

“అన్నీ వస్తాయి.”

“ఎప్పుడు అని అడిగాను.”

అప్పుడు లుషాబా గారు మాట్లాడారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. “మేడమ్, నా బడిలో చదివిన పదకొండు మంది పిల్లల్ని నేను పూడ్చిపెట్టాను. ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు ఉండబట్టే. ఇవాళ ఆ పక్కవాళ్లు, ఈ పక్కవాళ్లు ఒకే సోఫా మీద కూర్చున్నారు. దయచేసి మళ్లీ పక్కలు పెట్టకండి.”

షాపులో ప్లాస్టిక్ కూడా కిర్రుమనలేదు. పర్ల్ అక్క తల దించుకుంది.

“సర్, మీరు చెప్పింది నిజమే,” అంది చివరికి. “నాకు పక్క అక్కర్లేదు. నిలబడి అడగడానికి జానెడు చోటుంటే చాలు. మీ కమిటీలో కూర్చుంటే అది పోతుంది.” లేచి, పళ్లెంలోంచి రెండు సమోసాలు రుమాల్లో కట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం టౌన్ క్లర్క్ నెవిల్ ఆమెను పిలిపించాడు. ముప్పై ఏళ్లుగా అదే కుర్చీలో ఉన్న తెల్లాయన. కౌన్సిళ్లు మారినా ఆయన దగ్గర ఉన్న నియమావళి మారలేదు. ఆ రోజు ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. పుస్తకంలో నలభై ఒకటో పేజీ తీసి చూపించాడు. ఆ పేజీ అప్పటిదాకా ఎవరికీ పనికిరాలేదు. పాత కౌన్సిల్లో అందరూ ఒకే గోల్ఫ్ క్లబ్బు మనుషులు.

“పాలకవర్గంలో చేరని సభ్యుల్లో అతిపెద్ద గుంపుకు ఎవరు నాయకులో వారే ప్రతిపక్ష నాయకులు,” అని చదివాడు.

“గుంపంటే ఎంతమంది?”

“రూలు చెప్పలేదు మేడమ్. సున్నా కాకపోతే చాలని నా ఉద్దేశం.”

ఆ తర్వాత ఒక ఫారం ఇచ్చాడు. ప్రతిపక్ష నాయకులు: పి. అప్పలస్వామి. ఉపనాయకులు: ఖాళీ. విప్: పి. అప్పలస్వామి. సభ్యుల హాజరుకు బాధ్యత విప్‌దే అని కింద సన్నని అక్షరాల్లో ఉంది. “అంటే నేను రాకపోతే నన్ను నేనే తిట్టుకోవాలా?” అని అడిగింది. రాతపూర్వకంగా తిట్టుకుంటే మంచిదన్నాడు నెవిల్.

నాయకురాలికి గది ఇవ్వాలని కూడా పుస్తకంలో ఉంది. నా పంపుల స్టోరు పక్కన చీపుళ్లు, పాత ఓటు పెట్టెలు పెట్టే గది ఖాళీ చేయించారు. తలుపుకి ఇత్తడి పలక బిగించారు. ఒక్క కిటికీ కూడా లేదు. ఆమె వచ్చి చూసి, నా స్టోరులోంచి ఒక బల్బు అడిగింది. నేను ఉద్యోగిని, ఏ పక్షమూ పట్టకూడదు. బల్బు ఏ పక్షానికి వస్తుందో నెవిల్‌ని అడిగి మరీ ఇచ్చాను.

అసలు చిక్కు కూర్చోవడం దగ్గర వచ్చింది. సభలో బల్ల గుర్రపులాడం ఆకారంలో ఉంటుంది. పదిమందీ దాని చుట్టూ సర్దుకున్నారు. ప్రతిపక్షం ఎదురుగా కూర్చోవాలి అని నెవిల్ పట్టుబట్టాడు. ఎదురుగా ఉన్నది తలుపు. చివరికి లుషాబా గారి పాత బడి నుంచి ఒక డెస్కు తెప్పించి తలుపు పక్కన వేశారు. దాని మీద ఎవడో చాకుతో ‘లెక్కలు చచ్చిపోవాలి’ అని జులూలో చెక్కాడు. టీ ట్రాలీ లోపలికి వచ్చినప్పుడల్లా ప్రతిపక్షం మోకాళ్లు పక్కకు తిప్పుకోవాల్సి వచ్చేది.

మొదటి సమావేశంలో పాలకవర్గం పెట్టిన తీర్మానం: ఊరి మొదట్లో, పెద్ద రోడ్డు మీద స్వాగత తోరణం కట్టాలి. తొమ్మిది రోజులు చర్చించుకుంటే మూడు పార్టీలకూ ఒప్పుదల కుదిరిన పని అదొక్కటే. నీళ్లంటే ముందు ఏ వీధికి అన్న పేచీ వస్తుంది. రోడ్డంటే ఎవరి ఇంటి ముందు అని వస్తుంది. తోరణం ఎవరి ఇంటి ముందూ ఉండదు.

పర్ల్ అక్క లేచింది. “తోరణానికి ముందు ఎంతాబేని పైపులు వెయ్యాలని సవరణ.”

“బలపరిచేవారు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు లుషాబా గారు.

పదిమందీ తమ కాగితాలు చూసుకున్నారు. ఎవెలిన్ తన చేతి సంచిలో ఏదో వెతుక్కుంది.

“నేనే బలపరుస్తాను,” అంది పర్ల్ అక్క.

“ప్రతిపాదించినవారు బలపరచకూడదు మేడమ్,” అన్నాడు నెవిల్ బాధగా. “బలపరిచేవారు లేనందున వీగిపోయింది” అని రాసుకున్నాడు.

జూలైలో ఒకసారి వీగిపోయింది. ఆగస్టులో రెండుసార్లు. ఆమె ప్రతిసారీ అదే సవరణను మాటలు మార్చి తెచ్చేది. నెవిల్ ఆ వాక్యం కోసం రబ్బరు స్టాంపు చేయించాడు. బయట కూడా బతుకు కష్టమైంది. హెరాల్డ్ ఆదివారం భోజనానికి రావడం మానేశాడు. ఇరవై ఏళ్లుగా వదిన చేతి చేపల పులుసు తినేవాడు, ఇప్పుడు తన షాపు ముందునుంచి ఆమె కారు పోతుంటే కర్టెన్ల శాంపిళ్లు సవరించుకునేవాడు. చర్చిలో పాస్టరు గారు ఐక్యత మీద మూడు వారాలు వరసగా ప్రసంగించారు. మూడో వారం ఒక సోదరి బయటికి వచ్చాక ఆమె చెయ్యి పట్టుకుని, సాతాను అన్న మాటకు అర్థమే ‘ఎదురు నిలిచేవాడు’ అని గుర్తు చేసింది.

“అతనికి కూడా బలపరిచేవాళ్లు దొరికారు,” అంది పర్ల్ అక్క.

ఆ సాయంత్రం మాత్రం నా స్టోరులోకి వచ్చి, పైపుల కట్ట మీద కూర్చుంది. ఎంతాబేని కోసం కొత్త ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో పాత కౌన్సిల్ చివరి ఏడాదిలో కొన్న పైపులే అవి. దుమ్ము పట్టి ఉన్నా, మీద రాసిన గుట్ట పేరు కనబడుతూనే ఉంది.

“తమ్ముడూ, నాను తప్పు చేసినానా? ఆ ముసలాయన పిల్లల్ని పూడ్చినాడు. నాను ఏటి పూడ్చినాను? మోటారు తోలినాను.”

“మీరు అడిగినదాంట్లో తప్పు లేదక్కా,” అన్నాను.

“నువ్వు బలపరచు మరి.”

“నేను ఉద్యోగిని.”

“అందరూ ఉద్యోగమే,” అని లేచి, గౌను దుమ్ము దులుపుకుని పోయింది.

ఎవెలిన్‌కి పాఠాలు మాత్రం ఆగలేదు. పర్ల్ అక్కది ఒక నియమం: కారులో రాజకీయాలు మాట్లాడకూడదు. ఒక్కసారి కూడా ఆమెను మద్దతు అడగలేదు. సెప్టెంబరులో నేను గుట్ట మీద పాత ట్యాంకు చూడాల్సి ఉండి, వాళ్ల కారులోనే వెనక సీట్లో వెళ్లాను. ఎవెలిన్ స్టీరింగును మేకను పట్టుకున్నట్టు పట్టుకుంది. సగం ఎత్తులో ముందు నలుగురు ఆడవాళ్లు డబ్బాలతో అడ్డం వచ్చారు.

“ఆపు!”

ఎవెలిన్ ఆపింది. కారు వెనక్కి జారింది. పర్ల్ అక్క తన వైపు బ్రేకు తొక్కింది. కిందనుంచి వస్తున్న ట్యాక్సీవాడు హారన్ మోగించాడు. ఎవెలిన్ ఇంజను ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“టీచర్, నాకు శ్మశానాలు ఇచ్చారు. మన ఊళ్లో శ్మశానాలు ఎన్నో తెలుసా? ఒకటి. అక్కడివాళ్లు ఎవరూ దేని గురించీ ఫిర్యాదు చెయ్యరు.”

“కారులో రాజకీయాలు వద్దు. మొదటి గేరు.”

“ఆ డబ్బాలవాళ్లలో వెనకామె మా అక్క. రోజూ ఇంటికి రాగానే అడుగుతుంది, కౌన్సిల్లో ఏం చేశావని. కాగితాలు చూసుకున్నానని చెప్తున్నాను.”

“మొదటి గేరు, ఎవెలిన్.”

“మీ పక్క కూర్చుంటే గుట్ట మీద ఏమంటారోనని భయం. ఎదురు కూర్చున్నవాళ్లంటే మాకు ఇక్కడ రాత్రుళ్లు ఇళ్లకు నిప్పు పెట్టేవాళ్లే. వేరే రకం ఎదురు మేము చూడలేదు.”

పర్ల్ అక్క ముందు ఎక్కుతున్న డబ్బాల వైపు చూసింది. “వేరే రకం నేను కూడా చూడలేదు,” అంది నెమ్మదిగా. “మొదటి గేరు వెయ్యి.” ఈసారి కారు జారలేదు.

అక్టోబరు సమావేశానికి తోరణం నమూనా వచ్చింది. అట్టతో చేసిన బొమ్మను బల్ల మధ్యలో పెట్టారు. అప్పటిదాకా నిలిచిన ఐక్యత ఆ అట్ట దగ్గర చీలింది. స్వాగతం అన్న మాట ముందు ఏ భాషలో ఉండాలి? లుషాబా గారి పార్టీ జులూ అంది. శత్రుపార్టీ కూడా జులూనే అంది, కానీ వేరే మాట. ట్రావిస్ ఇంగ్లిష్ లేకపోతే టూరిస్టులు చెరుకు తోటల్లోకి పోతారన్నాడు. స్తంభాల రంగు దగ్గరికి వచ్చేసరికి, ప్రతి రంగూ ఏదో ఒక పార్టీ జెండాలో ఉండటంతో, పచ్చ వద్దు, పసుపు వద్దు, ఎరుపు వద్దు, నలుపు అసలే వద్దు. హెరాల్డ్ గోధుమరంగు అన్నాడు. అతని షాపు రంగు అదేనని ఎవరో గుర్తు చేశారు. అందరూ ఒకేసారి అరిచారు. లుషాబా గారు బల్ల మీద సుత్తితో కొట్టీ కొట్టీ, చివరికి తన జీవితంలో మొదటిసారి గొంతెత్తారు.

“ఆపు!”

సభంతా బ్రేకు వేసినట్టు ఆగింది. ఆ మాటకు ఆగడం అక్కడ ప్రతి కాలికీ అలవాటే.

ఆ నిశ్శబ్దంలో తలుపు పక్కన డెస్కు దగ్గర పర్ల్ అక్క లేచి నిలబడింది. “తోరణానికి ముందు ఎంతాబేని పైపులు వెయ్యాలని సవరణ.”

“బలపరిచేవారు?” అన్నారు లుషాబా గారు. అడుగుతూనే ముందుకు సాగడానికి కాగితం తిప్పారు. నెవిల్ స్టాంపు ఎత్తాడు.

“నేను,” అంది ఎవెలిన్.

నెవిల్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తర్వాత అతనికి రూలు గుర్తొచ్చింది. “పాలకవర్గంలో ఉండి బలపరచడం కుదరదు మేడమ్. కమిటీ వదిలి, ఎదురు పక్కకు వెళ్లాలి.”

“శ్మశానం తీసుకోండి,” అంది ఎవెలిన్. లేచి, తన కుర్చీ వీపు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఆ కుర్చీలు పాతకాలపు టేకువి. ఒక్కొక్కటి దూడంత బరువు. రెండడుగులు వెయ్యగానే కాలు కార్పెట్‌లో ఇరుక్కుంది. ఆమె గట్టిగా లాగింది. టేకు కీచుమంది.

ఆ శబ్దం హెరాల్డ్ భరించలేకపోయాడు. ముప్పై ఏళ్లు ఫర్నిచర్ అమ్మినవాడు. “లాగకమ్మా, కీలు ఊడిపోతుంది!” అంటూ పరుగున వచ్చి, మోకాళ్లు వంచి, కుర్చీని రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. “ఎక్కడ పెట్టమంటారు?” అని అలవాటుగా అడిగాడు.

“ఇక్కడ,” అంది పర్ల్ అక్క, తన పక్కన చూపిస్తూ.

ఆయన తెచ్చి దించాడు. సమంగా కూర్చుందో లేదో వంగి చూశాడు. కింద మడత పెట్టిన కాగితం కూడా పెట్టాడు. అప్పుడు తల ఎత్తి చూస్తే తానెక్కడ నిలబడ్డాడో అర్థమైంది. ఎదురుగా ఎనిమిది ముఖాలు. వెనక ఇద్దరు ఆడవాళ్లు.

“డిప్యూటీ మేయర్ కూడా పక్క మారారా?” అని అడిగాడు నెవిల్, కలం పట్టుకుని, చాలా ఆశగా.

“లేదు! నేను కుర్చీ మోశానంతే!”

“డిప్యూటీ మేయర్ గారి సహాయంతో ప్రతిపక్షం రెండింతలైంది” అని మినిట్స్‌లో రాశాడు నెవిల్. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

సవరణకు బలపరిచేవారు దొరికారు కాబట్టి చర్చ తప్పనిసరి. ఇంజినీరుని పిలవమన్నారు. నేను లేచాను. పర్ల్ అక్క ప్రశ్న చిన్నది: “పైపులు ఎక్కడున్నాయి?”

“మీ గది పక్కన, స్టోరులో.”

“ఎన్నాళ్ల నుంచి?”

“పదహారు నెలల నుంచి.”

“వెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?”

“మనుషుల్నిస్తే ఎనిమిది వారాలు.”

గుర్రపులాడం చుట్టూ ఉన్నవాళ్లలో సగం మందికి ఆ పైపులున్న సంగతే తెలియదు. నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. నేను కూడా చెప్పలేదన్నది అప్పుడు తట్టి సిగ్గేసింది.

ఓటింగులో సవరణ ఓడిపోయింది. తొమ్మిది, రెండు. పర్ల్ అక్క ముఖం చిన్నబోయింది. ఎవెలిన్ మాత్రం లెక్క విని సంతోషపడింది. రెండు వచ్చాయి కదా అంది.

పదిహేను రోజుల తర్వాత పాలకవర్గం ఒక కొత్త తీర్మానం తెచ్చింది. ‘సమగ్ర గుట్ట ప్రాంత జలాభివృద్ధి’ అట. లోపల చదివితే ఎంతాబేని పైపులే. తోరణం సంగతి ‘తగిన కాలంలో’ అని చివర ఉంది. తగిన కాలం ఈనాటికీ రాలేదు.

పర్ల్ అక్క మండిపడింది. సభ మొదలయ్యే ముందు నెవిల్ గదిలోకి దూసుకెళ్లింది. “ఇది నాది! మాటలు మార్చి దొంగిలించారు! దొంగ ఎదవలు!”

“మేడమ్,” అన్నాడు నెవిల్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, “ముప్పై ఏళ్లు ఈ పుస్తకం చదివాను. నాకు అర్థమైనంతలో ప్రతిపక్షం అంటే అదే. మీరు ఓడిపోతారు, మీ పని గెలుస్తుంది. పేరు వాళ్లది. బాగోలేదు, నిజమే.”

ఆమె తీర్మానం కాగితం చివరిదాకా తిప్పింది. “అయితే ఇందులో తారీఖు ఎందుకు లేదు?” అంది. సభలోకి వెళ్లి ‘క్రిస్మస్ లోపల’ అని సవరణ పెట్టింది. ఎవెలిన్ బలపరిచింది. లుషాబా గారు ఇద్దరి వైపూ చూసి, మొదటిసారి చిన్నగా నవ్వి, పాలకవర్గం అంగీకరిస్తోందన్నారు. పదకొండు ఓట్లూ పడ్డాయి. ఆ రోజు సభ అయ్యాక హెరాల్డ్ మెట్ల దగ్గర ఆగి, ఆదివారం పులుసు ఉంటుందా అని గోడతో చెబుతున్నట్టు అడిగాడు. “నీకి ఎముకలు ఎడతాను,” అంది వదిన. ఆదివారం ముక్కలే పెట్టింది.

డిసెంబరు ఇరవై ఒకటిన ఎంతాబేని మీద పందిరి వేశారు. ఆరు కుళాయిలు. కౌన్సిలర్లందరూ మాట్లాడారు. ప్రతివాళ్లూ ఈ నీళ్ల కోసం తామెంత పోరాడారో చెప్పారు. ట్రావిస్ కూడా. ఎండలో జనం నీళ్లు ఎదురుగా పెట్టుకుని గంటన్నర ప్రసంగాలు విన్నారు. చివర్లో లుషాబా గారు మైకు దగ్గరికి వచ్చారు.

“మర్యాద ప్రకారం ప్రతిపక్ష నాయకురాలు కూడా మాట్లాడాలి,” అన్నారు. ఆ మాటను జులూలో ఎలా చెప్పాలో ఆలోచించినట్టు ఒక్క క్షణం ఆగారు. ‘ఎదురు’ అన్న పాత మాట వాడలేదు. “మనల్ని అడిగే ఆమె,” అన్నారు. అలాగే పిలిచారు.

పర్ల్ అక్క టోపీ సర్దుకుని ఎక్కింది. అందరూ ధన్యవాదాలు వినడానికి సిద్ధమయ్యారు.

“మూడో కుళాయి కారుతోంది,” అంది. “నేను వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నాను. ఎవరూ కట్టలేదు. ఎందుకు?”

గుట్టంతా నవ్వింది. డబ్బాలు మోసి మోసి మెడలు బిగుసుకుపోయిన ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వారు. లుషాబా గారు వేదిక మీద నుంచి నా వైపు చూశారు. పందిరి నీడలో రెండో వరసలో హాయిగా కూర్చున్న నేను లేచి, కోటు విప్పి ఎవెలిన్ చేతికిచ్చి, జీపులో రెంచి కోసం వెతకడం మొదలుపెట్టాను.